పొరుగింట దాచిన సారె



ఇల్లు మారడమంటే ఎంత ప్రయాసో మన ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఆయనకి బదిలీ అయిందనగానే గిన్నెలు సర్దుకోవాలి, ఊరగాయ జాడీలకి గుడ్డలు కట్టాలి, పాలవాడి బాకీ తీర్చాలి, పొరుగావిడ దగ్గర తెచ్చుకున్న జల్లెడ మరిచిపోకుండా ఇచ్చేయాలి. ఇంతా చేసి కొత్త ఊళ్ళో దిగాక నాలుగు నెలలదాకా ఏ వస్తువూ చేతికి దొరకదు. అదీ మళ్ళీ వెనక్కి రావచ్చునన్న ధైర్యంతో వెళ్ళే ప్రయాణం. అలాంటిది, "మీది ఈ దేశం కాదు, ఇక ఎప్పటికీ తిరిగి రావద్దు" అని చెప్పి పదిహేను లక్షలకు పైగా జనాన్ని సముద్రానికి ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ మార్చేస్తే ఆ ఇళ్ళ ఇల్లాళ్ళ సంగతి ఏమిటి? ఇది కథ కాదు. 1923లో గ్రీసు, టర్కీ దేశాలమధ్య నిజంగా జరిగింది. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ప్రాంతాన్ని కాస్త ఊహించుకోండి. నడుమ ఈజియన్ సముద్రం. దానికి పడమట గ్రీసు, తూర్పున ఇప్పటి టర్కీ. వందల ఏళ్ళపాటు ఈ రెండు తీరాలూ ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలోనే ఉండేవి. తూర్పు తీరాన స్మిర్నా అనే పెద్ద రేవు పట్నం, ఇప్పుడు దాన్ని ఇజ్మీర్ అంటున్నారు. అక్కడ గ్రీకులూ, తురుష్కులూ, ఆర్మీనియన్లూ, యూదులూ పక్కపక్క పేటల్లో కాపురముండేవారు. పడమటి వైపున్న సలోనికాలోనూ అంతే. అలాగని అంతా రామరాజ్యమని కాదు. క్రైస్తవులకీ ముస్లిములకీ హోదాలో తేడా ఉండేది, తగాదాలూ వచ్చేవి. కాని పొరుగింటావిడ పండుగకి చేసిన మిఠాయి గోడమీదుగా ఇవతలికి వచ్చేది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా అంతటా ఒక కొత్త ఆలోచన బలపడింది. ఒక జాతికి ఒక దేశం ఉండాలి, ఒక దేశంలో ఒకే జాతి ఉండాలి. మొదటి సగం విన్నప్పుడు న్యాయంగానే తోస్తుంది. పరాయి పాలనలో మగ్గిన ఏ జాతికైనా స్వేచ్ఛ కావాలి కదా! గ్రీసు 1830లో స్వతంత్ర రాజ్యమైంది. చిక్కంతా రెండో సగంతో వచ్చింది. ఒకే వీధిలో నాలుగు రకాలవాళ్ళు ఉంటే ఆ వీధి ఏ జాతిది? మిగతా ముగ్గురూ ఎక్కడికి పోవాలి?

1912లో బాల్కన్ యుద్ధం వచ్చి సలోనికా గ్రీసు చేతికి వెళ్ళింది. బాల్కన్ దేశాలనుంచి లక్షలమంది ముస్లిములు ఇల్లూ వాకిలీ వదిలి తూర్పుకి పారిపోయారు. అలా వెళ్ళిన వాళ్ళలో జుబైదే అనే ఒక తల్లి, ఆమె కూతురూ ఉన్నారు. ఆవిడ కొడుకే తరువాత టర్కీ రిపబ్లిక్కును స్థాపించిన ముస్తఫా కెమాల్ అతాతుర్క్. చూశారా, తురుష్కుల జాతిపిత పుట్టిన ఊరు ఇవాళ గ్రీసులో ఉంది. ఆయన తల్లీ కాందిశీకురాలే.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధం. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మీనియన్లను లక్షల సంఖ్యలో చంపించింది, మిగిలినవాళ్ళను ఎడారి దారి పట్టించింది. తీరంలోని గ్రీకులను కూడా ఎన్నో ఊళ్ళనుంచి వెళ్ళగొట్టారు. యుద్ధంలో ఒట్టోమన్లు ఓడిపోయాక, 1919 మే 15న గ్రీకు సైన్యం స్మిర్నాలో దిగింది. మూడేళ్ళు పోరు సాగింది. గ్రీకు సైన్యం ముస్లిం పల్లెలమీద ఘోరాలు చేసింది. ఓడి వెనక్కి తగ్గుతూ మనీసా, అలాషెహిర్ వంటి ఊళ్ళను తగలబెట్టింది. 1922 సెప్టెంబరు 9న తురుష్క సైన్యం స్మిర్నాలో ప్రవేశించింది. నాలుగు రోజులకి, సెప్టెంబరు 13న, ఆర్మీనియన్ల పేటలో నిప్పు రాజుకుని ఆర్మీనియన్ల ఇళ్ళూ గ్రీకుల ఇళ్ళూ బూడిదయ్యాయి. వెనక మంట, ముందు సముద్రం, మధ్య రేవు గట్టుమీద లక్షలమంది. ఎదుట ఇంగ్లీషు, ఫ్రెంచి, అమెరికా యుద్ధనౌకలు లంగరు వేసుకుని ఉన్నాయి. తమ తమ పౌరులను ఎక్కించుకుని, మిగతావాళ్ళ విషయంలో చాలా రోజులు తటపటాయించాయి. చివరికి ఏసా జెన్నింగ్స్ అనే అమెరికన్ మతసేవకుడు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని గ్రీకు ఓడలను రప్పిస్తే చాలామంది బతికి బయటపడ్డారు.

అప్పుడు కూడా ఒక నిబంధన ఉంది. పద్ధెనిమిది నుంచి నలభై అయిదేళ్ళ లోపు మగవాళ్ళను వెళ్ళనివ్వలేదు. కూలి దళాలంటూ లోతట్టుకి నడిపించారు. వాళ్ళలో ఎంతోమంది మళ్ళీ తిరిగి రాలేదు. అందుచేత గ్రీసు రేవుల్లో దిగినవాళ్ళలో ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళే ఎక్కువ. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంతో పోతుంది. కాని ఆ తరువాత ముప్ఫై ఏళ్ళపాటు ఆ సంసారాలను మోసినవాళ్ళు ఎవరో ఆ వాక్యంలోనే ఉంది.

ఇక ఒప్పందం మాట. స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో పెద్దలంతా సమావేశమయ్యారు. కాందిశీకుల సేవకు 1922లో నోబెల్ శాంతి బహుమతి పొందిన నార్వే దేశస్థుడు నాన్సెన్ జనమార్పిడి ప్రతిపాదన తెచ్చాడు. ఎలాగూ వచ్చేసినవాళ్ళు వచ్చేశారు, మిగిలినవాళ్ళనైనా చంపుకోకుండా పద్ధతిగా మార్చుకోండి అన్నది ఆయన ఉద్దేశం. ఆ సభలో ముఖ్యుడెవరో తెలుసా? మన బెంగాలును 1905లో రెండు ముక్కలు చేసిన కర్జన్ ప్రభువే. అప్పటికి ఆయన బ్రిటన్ విదేశాంగ మంత్రి. ఇది చాలా చెడ్డ పరిష్కారమనీ, లోకం దీనికి నూరేళ్ళపాటు మూల్యం చెల్లించవలసి వస్తుందనీ ఆయనే అన్నాడు. అంటూనే ఒప్పుకున్నాడు. 1923 జనవరి 30న సంతకాలైపోయాయి. మొత్తంమీద 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకి, మూడున్నర నాలుగు లక్షలమంది ముస్లిములు టర్కీకి చేరారు. ఇస్తాంబుల్ గ్రీకులకీ, గ్రీసులోని పశ్చిమ థ్రేసు ముస్లిములకీ మాత్రం మినహాయింపు ఇచ్చారు. మిగతావాళ్ళకి ఇష్టమా కాదా అన్న ప్రశ్నే లేదు.

ఎవరు గ్రీకు, ఎవరు తురుష్కుడు అన్నది ఎలా తేల్చారనుకుంటున్నారు? భాషనుబట్టి కాదు, మతాన్నిబట్టి. కప్పదోకియా అనే లోతట్టు ప్రాంతంలో ఎన్నో తరాలుగా తురుష్క భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు ఉండేవారు. వాళ్ళు ఆ భాషనే గ్రీకు లిపిలో రాసుకునేవారు. మనం తెలుగు మాటలను ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నట్టన్నమాట. వాళ్ళని గ్రీకులన్నారు. క్రీటు దీవిలో గ్రీకు తప్ప మరో భాష రాని ముస్లిములు ఉండేవారు. వాళ్ళని తురుష్కులన్నారు. అలా ఇటు దిగినవాళ్ళకి ఇక్కడి మాట రాదు, అటు దిగినవాళ్ళకి అక్కడి మాట రాదు. స్వదేశానికి పంపామని రాసుకున్న ప్రభుత్వాలు నిజానికి వాళ్ళని పరాయి దేశంలో దింపాయి.

వెళ్ళేవాళ్ళు ఏం పట్టుకెళ్ళారు? కప్పదోకియాలోని ప్రోకోపి అనే ఊరివాళ్ళు తమ గుడిలోని జాన్ అనే పుణ్యపురుషుడి భౌతిక కాయాన్ని మోసుకుని సముద్రం దాటారు. గ్రీసులోని ఎవియా దీవిలో స్థిరపడి, ఆ చోటికి కూడా ప్రోకోపి అనే పేరే పెట్టుకున్నారు. ఇవాళ్టికీ అక్కడికి యాత్రికులు వస్తారు. మనవాళ్ళు ఊరు మారినా గ్రామదేవతని వెంట తెచ్చుకోరూ, అలాగే.

ఆ రోజుల్లో గ్రీసు జనాభా అరకోటి చిల్లర. అలాంటి బీద దేశంమీద పన్నెండు లక్షలమంది వచ్చి పడ్డారు. బళ్ళలో, గోదాముల్లో, గుడిసెల్లో ఎక్కడ చోటుంటే అక్కడ తలదాచుకున్నారు. ఏథెన్సులో పురపాలక నాటకశాలని తెరిచిపెడితే, డబ్బున్నవాళ్ళు కూర్చుని నాటకం చూసే ఒక్కొక్క బాక్సులో ఒక్కొక్క సంసారం కాపురం పెట్టింది. మొదటి సంవత్సరాల్లో జ్వరాలకీ, అంటురోగాలకీ చనిపోయినవాళ్ళు చాలామంది. ఆ తరువాత నానాజాతి సమితి సహాయంతో పేటలు వెలిశాయి. కొత్త స్మిర్నా, కొత్త అయోనియా అంటూ పోయిన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. కొత్త అయోనియాలో తివాచీల కార్ఖానాలూ, నేత మిల్లులూ లేస్తే, వాటిలో కూలికి కూర్చున్నది ఎక్కువగా ఈ కాందిశీక స్త్రీలూ, ఆడపిల్లలే.

మరి స్వజాతివాళ్ళు ఆదరించారా? కొందరు ఆదరించారు. చాలామంది ఈసడించుకున్నారు. "తురుష్క విత్తనాలు" అన్నారు. వంటలో పెరుగు ఎక్కువ వాడతారని "పెరుగులో బాప్తిస్మం పొందినవాళ్ళు" అని వెక్కిరించారు. అవతలి ఒడ్డున కూడా ఇదే వరస. క్రీటునుంచి వచ్చిన ముస్లిములను "సగం అవిశ్వాసులు" అనేవారు. వాళ్ళు పొలం గట్లమీద దొరికే ప్రతి ఆకునీ కూర వండుతారని ఒక హాస్యోక్తి పుట్టించారు: ఆవూ, క్రీటు మనిషీ చేలో పడితే ముందు క్రీటు మనిషినే తోలాలట, ఆవు కడుపు నిండితే ఆగుతుంది కనక! 1928లో టర్కీలో బయట తురుష్క భాషే మాట్లాడాలని ప్రచారం మొదలైంది. అప్పుడు గ్రీకు మాట వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తల్లీ కూతురూ పొయ్యి దగ్గర గుసగుసగా మాట్లాడుకునే భాష అయింది. ఏ ఆకులను ఈసడించారో ఆ ఆకుకూరలనే, ఆలివ్ నూనె కూరలనే ఇవాళ ఆ తీరపు హోటళ్ళలో ప్రత్యేకంగా అడిగి మరీ తింటున్నారు. గ్రీసులోనూ అంతే. జీలకర్ర వేసిన స్మిర్నా వంటకం ఇప్పుడు వాళ్ళ ఇంటి వంటే అయిపోయింది.

వంటిల్లంటే గుర్తుకొచ్చింది. రెనే హిర్షన్ అనే పరిశోధకురాలు 1970లలో పిరేయస్ రేవు దగ్గర కొక్కినియా అనే కాందిశీకుల పేటలో కాపురముండి, వాళ్ళ జీవితాన్ని దగ్గరనుంచి చూసి 1989లో ఒక గ్రంథం ప్రచురించింది. అవి ఒక్కొక్క కుటుంబానికని హడావిడిగా కట్టించిన చిన్న ఇళ్ళు. ఆడపిల్లకి పెళ్ళి చేయాలంటే కట్నంగా నివాసం చూపించాలి. కొత్త ఇల్లు కట్టే శక్తి లేక, ఉన్న ఇంట్లోనే ఒక గది ఈ కూతురికీ ఒక గది ఆ కూతురికీ పంచేవారు. చాలకపోతే నేల తవ్వి కింద గది కట్టేవారు. ఎంత ఇరుకైనా పెళ్ళైన ప్రతి స్త్రీకీ తన వంటగది అంటూ వేరే ఉండాలి. రెండు మూడు కాపురాలున్న చిన్న ఇంట్లో అన్ని వంటగదులూ ఉండేవట. ఒకసారి సర్వం పోగొట్టుకున్న ఇల్లాలికి తన పొయ్యి తనకుండడం ఎంత అవసరమో మగవాళ్ళకంటే మనకే బాగా తెలుస్తుంది.

ఇదంతా మనకి ఎలా తెలిసిందంటారా? ప్రభుత్వ దస్తావేజుల్లో ఇంతమంది ఎక్కారు, ఇంతమంది దిగారు అన్న లెక్కలే ఉంటాయి. ఆ లెక్కల వెనక మనుషులను పట్టుకున్నది మెల్పో మెర్లియే అనే గ్రీకు స్త్రీ. ఆవిడ సంగీతం చదువుకున్న మనిషి. 1930లో కాందిశీకుల పాటలను గ్రామఫోను ప్లేట్లమీదికి ఎక్కించడంతో మొదలుపెట్టింది. పాట ఒక్కటీ చాలదు, ఆ పాట పుట్టిన ఊరు కూడా కావాలనిపించింది. భర్తతో కలిసి ఏథెన్సులో ఆసియా మైనర్ అధ్యయన కేంద్రాన్ని నిలబెట్టింది. ఆ కేంద్రంవాళ్ళు, వాళ్ళలో చాలామంది స్త్రీలే, దశాబ్దాలపాటు కాందిశీకుల ఇళ్ళకి వెళ్ళి కూర్చున్నారు. మీ ఊళ్ళో ఊట ఎక్కడుండేది? రొట్టె ఎలా కాల్చేవారు? పెళ్ళికి ఏం పాడేవారు? బయలుదేరిన రోజున ఏం జరిగింది? ఇలా అడిగి రాసుకున్నారు. సుమారు 5,000 మంది చెప్పిన మాటలు దాదాపు 1,45,000 చేతిరాత పేజీలయ్యాయి. రాజులెవరూ రాయించని చరిత్ర అది.

అయితే జ్ఞాపకం అంతా అచ్చంగా సత్యమేనా? చరిత్రకారులు ఇక్కడ జాగ్రత్తగా ఉంటారు. "మేమూ తురుష్కులూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళం" అని చాలామంది చెప్పారు. పోగొట్టుకున్న ఊరు తలపులో ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. పాత కక్షలు కొన్ని మరుగున పడతాయి. కొత్త ఊళ్ళో పడ్డ అవమానాలు పాత ఊరిని ఇంకా అందంగా చూపిస్తాయి. అందుకని ముసలమ్మ మాటను దస్తావేజుతో పోల్చి చూస్తారు, దస్తావేజును ముసలమ్మ మాటతోనూ పోల్చి చూస్తారు. రెండూ కలిస్తేనే చరిత్ర.

జ్ఞాపకాలను దాచుకోవడంలో మనుషులకంటే ప్రభుత్వాలు పక్షపాతం చూపిస్తాయి. ఇజ్మీరులో సెప్టెంబరు 9 విముక్తి దినం, పండుగ. గ్రీసు శాసనసభ 1998లో సెప్టెంబరు 14ను సంతాప దినంగా నిర్ణయించింది. అయిదు రోజుల తేడాలో ఒక ఒడ్డున జెండాలు, మరో ఒడ్డున కన్నీళ్ళు. టర్కీ బడిపిల్లకి గ్రీకు సైన్యం తగలబెట్టిన ఊళ్ళు తెలుస్తాయి. గ్రీకు బడిపిల్లకి స్మిర్నా మంటలు తెలుస్తాయి. ఎవరి గాయం వారికి కంఠస్థం. ఎదుటివాళ్ళ గాయం పాఠంలో సన్నటి అక్షరాల్లో కూడా ఉండదు.

దీనివల్ల నష్టమేమిటంటారా? లోజాన్ ఒప్పందం తరువాత రెండు ప్రభుత్వాలూ త్వరగానే సర్దుకున్నాయి. 1930లో వదిలేసిన ఆస్తుల లెక్కలు పరస్పరం చెల్లువేసుకున్నాయి. గ్రీకు మాజీ ప్రధాని వెనిజెలోస్ 1934లో అతాతుర్క్ పేరును నోబెల్ శాంతి బహుమతికి సూచించాడు కూడా. మంచిదే. కాని ఆ లెక్కల్లో ఇల్లు పోయిన విధవరాలికి న్యాయంగా అందవలసింది అందలేదు. పైనుంచి చూసిన పెద్దలు మాత్రం "చూశారా, విడదీస్తే శాంతి వస్తుంది" అనుకున్నారు. 1944 డిసెంబరులో చర్చిల్ తమ పార్లమెంటులో ఈ మార్పిడినే మంచి ఉదాహరణగా చెప్పాడు. యుద్ధం ముగిశాక తూర్పు ఐరోపానుంచి కోటికి పైగా జర్మన్లను తరిమేశారు. మన దేశంలో కూడా, పాకిస్తాన్ ప్రశ్నమీద డాక్టర్ అంబేద్కర్ 1940లో రాసిన గ్రంథంలో టర్కీ, గ్రీసు, బల్గేరియాల జనమార్పిడి ప్రస్తావన ఉంది. 1947లో ఏ ఒప్పందమూ, ఏ ఓడలూ లేకుండా పంజాబులో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇక లోజానులో మినహాయింపు పొందిన ఇస్తాంబుల్ గ్రీకుల మాట. 1955 సెప్టెంబరు 6న, అతాతుర్క్ పుట్టిన ఇంటిదగ్గర సలోనికాలో బాంబు పేలిందన్న వార్తతో అల్లరిమూకలు వాళ్ళ దుకాణాలమీద, ఇళ్ళమీద పడ్డాయి. లక్షకు పైగా ఉండిన వాళ్ళు ఇప్పుడు కొద్ది వేలమంది మాత్రమే. విడదీయడమే మందు అనుకుంటే ఆ మందుకి అంతు ఉండదు. 2023కి ఆ ఒప్పందానికి నూరేళ్ళు నిండాయి. కర్జన్ చెప్పిన గడువు తీరింది గాని బాకీ తీరినట్టు లేదు.

అంతా చీకటేనా అంటే కాదు. కెమాల్ యాల్చిన్ అనే తురుష్క రచయిత పెద్దల కాలంలో వాళ్ళ పొరుగున ఒక గ్రీకు కుటుంబం ఉండేది. వెళ్ళిపోతూ వాళ్ళు ఆడపిల్లల పెళ్ళికని కూర్చిన సారెను ఈ ఇంట్లో అప్పగించి వెళ్ళారు. ఆ మూట దశాబ్దాలపాటు ఈ ఇంట్లో భద్రంగా ఉంది. చివరికి ఆ ఇంటి కొడుకు సొంతదారులను వెతుక్కుంటూ గ్రీసుకి వెళ్ళాడు. ఆ వెతుకులాటలో రెండు ఒడ్డుల కాందిశీకులూ చెప్పిన మాటలు కలిపి 1998లో పుస్తకం ప్రచురించాడు. దాని పేరుకి "అమానతుగా పెట్టిన సారె" అని అర్థం. తురుష్క భాషలో కూడా ఆ మాట ఇంచుమించు మన అమానతే. మూడు తరాలు ఆ బట్టలకి చెద పట్టకుండా చూసి ఉంటారంటే, అందులో ఆ ఇంటి ఆడవాళ్ళ చెయ్యి లేకుండా ఎలా ఉంటుంది చెప్పండి? సంతకాలు పెట్టిన పెద్దలు చేయలేని పని ఆ ఇల్లు చేసింది.

సోదరీమణులారా! మన ఇళ్ళలోనూ ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు ఉన్నారు. 1942లో జపానువాళ్ళ బాంబులకి రంగంనుంచి కాలినడకన వచ్చిన తెలుగువాళ్ళ సంతతి కోస్తా జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. దేశ విభజన తరువాత హైదరాబాదులో స్థిరపడిన సింధీ కుటుంబాలు మీ వీధిలోనే ఉండవచ్చు. మధ్యాహ్నం పని తెమిలాక ఒక నోటుబుక్కు పట్టుకుని ఆ పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ దారిన వచ్చారు, మూటలో ఏం తెచ్చారు, ఎవరు మంచినీళ్ళిచ్చారు, ఎవరు తలుపు వేసుకున్నారు, అన్నీ అడగండి. ఒక ప్రశ్న మాత్రం మరిచిపోకండి: మీరు వచ్చి దిగిన ఇంట్లో అంతకుముందు ఎవరుండేవారు, వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? మన గాయం పిల్లలకి చెప్పడం సులువే. ఎదుటివాళ్ళ సారెను కూడా భద్రంగా దాచి పిల్లల చేతికి ఇస్తే, రేపు వాళ్ళు ఎవరినీ సముద్రం దాటించడానికి చెయ్యెత్తరు.